చెయ్యి ఓర్చుకునేంత వేడి

అక్క మందుసీసాను దుప్పటి మీద బోర్లించి గింజలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. అనుమానం తీరక మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడూ ముప్ఫై ఒకటే. మిరియం కంటే కాస్త పెద్దవి, నల్లగా, మూడు పలకలుగా, చూడబోతే ఎలుక పెంటికల్లా ఉన్నాయి తప్ప వాటి మొహంలో ఏ ఘనతా కనిపించదు. కానీ ఈ భూమ్మీద బడిగంట తీగకి మిగిలిన వంశమంతా ఆ ముప్ఫై ఒక్క గింజలేనని అక్క అంటుంది. అక్కకి గోరంతని కొండంత చేసే అలవాటు ఉన్నమాట నిజమే గానీ, ఈ ఒక్క విషయంలో ఆమె పిసరంత కూడా పెంచి చెప్పలేదు.

బడిగంట తీగ అన్న పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. అది వాళ్ళమ్మ పెట్టుకున్న పేరు. ఊచ దొరికితే ఊచకి, తాడు దొరికితే తాడుకి చుట్టుకుంటూ పైకి పాకే పూలతీగ అది. పువ్వు గరాటులా ఉంటుంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం రంగు, లోపల తెల్లటి చుక్క, ఆ చుక్క చుట్టూ పెన్నుతో గీసినట్టు సన్నటి ఎర్రగీత. తెల్లారకముందే విచ్చుకుని, ఎండ గోడెక్కేసరికి ముడుచుకుపోతుంది. సరిగ్గా బడిగంట కొట్టే వేళకి. ఇంట్లో గడియారం పాడైన రోజుల్లో అమ్మ ఆ పువ్వుల్ని చూసే ఇద్దరు కూతుళ్ళనీ వీపు మీద ఒక్కటేసి బయటికి తోసేది. అమ్మకి ఆ గింజలు వాళ్ళమ్మ ఇచ్చింది. ఆవిడకి ఎవరిచ్చారో అడగాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

అక్క అరవై రెండేళ్ళ మనిషి. కళ్ళు సహకరించినన్నాళ్ళు ఇంట్లోనే బట్టలు కుట్టింది. చెల్లెలికి యాభై ఒకటి నిండాయి, అయినా అక్క నోట్లో ఆమె పేరు చిన్నది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, కూర్చోబెట్టి చెప్పేంత గొప్పదేం కాదు. మూడో అంతస్తులో రెండు గదులు, వెనకవైపు ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడగలిగినంత వరండా, దానికి ఇనపకటకటాలు. ఏటా ఆ కటకటాల మీదే తీగ పాకేది. కింద నడిచేవాళ్ళు తలెత్తి చూసేవారు.

కిందటేడు ఆ భవనం వెనకగోడకి రంగులు వేయించారు. రంగులవాళ్ళు ఎవరినీ అడగకుండా తీగని మొదలంటా లాగి కింద చెత్తలో పారేశారు. అప్పటికింకా కాయలు ఎండలేదు. అక్క మూడంతస్తులూ దిగి, చెత్తకుప్పలో కూర్చుని, ముదిరినట్టు అనిపించిన కాయల్ని ఒక్కొక్కటే ఏరుకుని, మళ్ళీ మూడంతస్తులూ ఎక్కింది. మర్నాడు పొద్దుటికి ఆమె కాళ్ళు స్తంభాల్లా వాచాయి. గుండె పెద్దదైపోయిందని డాక్టరు చెప్పాడు. మా అక్కకి అది మొదట్నుంచీ పెద్దదేనండీ అని చిన్నది నవ్వబోయింది. డాక్టరు నవ్వలేదు. ఆమెని పక్కకి పిలిచి, వచ్చే చలికాలం దాకా ఉంటే గొప్పేనని నెమ్మదిగా చెప్పాడు. ఆ మాట చిన్నది అక్కకి చెప్పలేదు. అక్క అడగనూ లేదు. ఒక్కగదిలో ముప్ఫై అయిదేళ్ళు పడుకున్నవాళ్ళకి మొహం చూస్తే చాలు.

అందుకే అక్క ఈసారి గింజల విషయంలో తొందరపడింది. విత్తిన మూడు నెలలకి పువ్వు వస్తుంది. ఆపైన నెలన్నరకి కాయ ఎండుతుంది. ఒక్కసారి ఆ నీలం కళ్ళారా చూసి, సీసానిండా కొత్త గింజలు పోసి చిన్నదాని చేతిలో పెట్టాలని ఆమె ఆశ. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు. మందులు వేసుకోమన్నా, ఉప్పు తగ్గించమన్నా, మంచం దిగొద్దన్నా అన్నిటికీ తలూపింది.

"అన్నీ ఒక్కసారి పెట్టెయ్యకు," అంది అక్క. "పది పెట్టు. అవి మొలిచాక ఇంకో పది. ఆకురాయితో ఒక పక్క కాస్త గీకి, చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళలో వేసి మూతపెట్టు. పొద్దున్నకి ఉబ్బుతాయి. వేలి కణుపంత లోతులో పాతిపెట్టు. అంతే."

ఆ మాటలు అక్కవి కావు, అమ్మవి. వాళ్ళమ్మకి కొలతలన్నీ చేతిలోనే ఉండేవి. మట్టి రెండు దోసిళ్ళు, ఎరువు పిడికెడు, లోతు వేలి కణుపు, వేడి చెయ్యి ఓర్చుకునేంత. ఆ గింజకి తోలు మందం. గీకి, వెచ్చటి నీళ్ళలో నానబెట్టకపోతే నెలల తరబడి రాయిలా పడుంటుంది. అక్క నలభై ఏళ్ళుగా ఆ మాటల ప్రకారమే చేసింది, ఏ ఒక్క ఏడూ తప్పలేదు. అక్క హస్తవాసి అలాంటిదని ఆ మెట్ల మీద ఎక్కేదిగే వాళ్ళందరూ అనుకునేవారు. చిన్నదానికి తీగతో ఉన్న సంబంధమల్లా పొద్దున్నే పనికి పోతూ ఒక చెంబు నీళ్ళు పొయ్యడం వరకే.

చిన్నది పని చేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. అక్కడ పెద్ద పెద్ద డ్రమ్ముల్లో దుప్పట్లు సలసలా ఉడుకుతాయి. అక్కణ్ణించి తీసి, పొగలు కక్కే ఇనప రోలర్ల మధ్యకి తోస్తే, అవతల పక్క అప్పడాల్లా బిర్రుగా బయటికొస్తాయి. బయటికొచ్చినదాన్ని చల్లారకముందే పట్టుకుని మడతపెట్టాలి, చల్లారితే ముడత పడుతుంది. పదహారో ఏట చేరింది, ఇప్పటికీ అదే రోలరు ముందు నిలబడుతోంది. కొత్తగా చేరిన అమ్మాయిలు రెండేసి చేతితొడుగులు వేసుకుని కూడా అబ్బా అయ్యా అంటుంటే, ఆమె ఉత్తచేతులతో లాగి మడతేస్తుంది. డ్రమ్ములో బొత్తం ఊడి పడినా, కట్టు తాలూకు పిన్ను మిగిలిపోయినా, తీసేందుకు ఆమెనే పిలుస్తారు. అందరూ కలిసి ఆమెకి పెట్టిన పేరు పట్టకారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వం. గర్వపడేందుకు ఆమె జీవితంలో మరీ అన్ని విషయాలేం లేవు, ఉన్న ఒక్కదాన్ని ఎందుకు కాదనాలి?

మొదటి పది గింజలూ ఒక సాయంత్రం నానబెట్టింది. ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఆకురాయి మీద గీకింది. కెటిల్‌లో నీళ్ళు మరిగించి, గిన్నెలో పోసి, కాస్త చన్నీళ్ళు కలిపి వేళ్ళు ముంచి చూసింది. హాయిగా ఉంది. అమ్మ హాయిగా ఉండాలనలేదు కదా, ఓర్చుకునేంత అంది. ఓర్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఆలోచించి, చేతికి కాస్త చురుకు తగిలేదాకా మరిగే నీళ్ళు పోస్తూ పోయింది. అప్పుడు గింజలు వేసి మూతపెట్టింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆమె. ఈ లోకంలో ఆమెకి వచ్చిన కష్టాలన్నీ ఆ గుణం వల్లే వచ్చాయి, ఇది కూడా.

పొద్దున్నకి గింజలు రెండింతలు ఉబ్బాయి. గిన్నె తెచ్చి చూపిస్తే అక్క మొహం విప్పారింది. అమ్మ కూతురివనిపించావే అంది. వాటిని వరండాలో కుండీల్లో పాతిపెట్టి పనికి వెళ్ళిన చిన్నది, రోజంతా ఆ మాటే తల్చుకుంటూ దుప్పట్లు మడతపెట్టింది. పక్క రోలరు ఆమె, ఏమిటే పట్టకారూ, ఇవాళ నీలో నువ్వే నవ్వుకుంటున్నావని ఆట పట్టించింది కూడా.

ఆరు రోజులకి మొలక రావాలి. ఎనిమిది రోజులైంది, పది రోజులైంది. అక్క మంచం మీద నుంచే వరండాలోకి మెడ సాచి చూసేది. ఆ కుండీల్లో మట్టి తప్ప ఏమీ లేకపోయినా, అక్కడేదో ఆకుపచ్చగా కనిపిస్తోంది చూడమని రోజుకి రెండుసార్లు చెల్లెల్ని లేపేది. చిన్నది వెళ్ళి వంగి చూసి వచ్చేది. ఒకసారి గడ్డిపరక. ఒకసారి ఎవరో పైనుంచి పారేసిన చాక్లెట్ కాగితం. పన్నెండో రోజున అక్క, మట్టికింకా చలి వదల్లేదేమోలే, రెండో పదీ నానబెట్టమంది.

రెండో పదీ అదే తీరు. అదే ఆకురాయి, అదే గిన్నె, అదే చురుకు. అవీ ఉబ్బాయి. అవీ మట్టిలోకి వెళ్ళాయి. వెళ్ళినవి మళ్ళీ కబురు పెట్టలేదు. రెండు వారాలు చూసి చిన్నది పుల్లతో ఒక కుండీ తవ్వింది. గింజ వేలికి తగలగానే పిండిలా చితికింది. వాసన కొట్టింది. ఆమె గబగబా మట్టి కప్పేసి, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. ఇంకా ఏం లేదా అని అక్క అడిగితే, ఏం లేదని చెప్పింది.

అప్పట్నుంచి అక్క తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. పచ్చికాయలు కోశానేమో అంది. ఒకరోజు ఆగి కోసుంటే ఎండేవేమో అంది. చెత్తలో పడ్డవాటిలో ముదురేదో లేతేదో చూడకుండా ఆబగా ఏరుకున్నానంది. సీసా పొయ్యి పైన అరలో పెట్టాను, ఆ సెగకి పోయాయేమో అంది. ముద్ద నోట్లో పెట్టుకుని, సగం నమిలి, ఇదిగో ఇలాంటి మాట ఒకటి గుర్తొచ్చి ఆగిపోయేది. అమ్మ పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గిన్నెలు పంచలేదు, బట్టలు పంచలేదు, ఆ గింజల సీసా ఒక్కటే తన చేతిలో పెట్టిందట. ఆ ఒక్కటీ నిలబెట్టలేకపోయానని ఆమె బాధ.

ఒక సాయంత్రం, చిన్నది పని నుంచి వచ్చేసరికి, అక్క మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. సీసా ఆమె ఒళ్ళో ఉంది.

"ఈ పదకొండూ నేను నానబెడతానే," అంది. "కూర్చునే చేస్తాను. కెటిల్ ఇక్కడికి తెచ్చిపెట్టు చాలు."

చిన్నదానికి ఒళ్ళు మండింది. కూర్చుంటేనే ఆయాసపడుతోంది, పెదాలు నల్లగా ఉన్నాయి, ఈ స్థితిలో మరిగే నీళ్ళతో ఆటలా? అక్క కాళ్ళు రెండూ ఎత్తి మంచం మీద పెట్టి, దుప్పటి కప్పి, సీసా లాక్కుంది. ఈసారి ఇంకా జాగ్రత్తగా చేస్తాను, నువ్వు కదిలావంటే నేను పని మానేసి ఇంట్లో కూర్చుంటానని బెదిరించింది. అక్క కాసేపు గునిసింది. చివరికి, నా చేతులు ఎలాగూ వణుకుతున్నాయి, నీ చేతులే నయంలే అని గోడవైపు తిరిగింది.

చిన్నది ఆ పదకొండు గింజల్ని పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. మొదటి రెండుసార్లూ నీళ్ళు త్వరగా చల్లారిపోయి ఉంటాయని ఆమెకి అనుమానం. అందుకని ఈసారి గిన్నె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చెయ్యి పెట్టి చూడడం, వేడి తగ్గిందనిపిస్తే కాసిని మరిగే నీళ్ళు పొయ్యడం. అలా నాలుగుసార్లు పోసింది. ఇంతకంటే శ్రద్ధగా ఆ గింజల్ని ఎవరూ చంపి ఉండరు.

అవీ మొలవలేదు. పదిహేనో రోజున ఆమె అన్ని కుండీలూ తవ్వింది. ఏడు గింజలు మట్టిలో కలిసిపోయాయి. నాలుగింటికి ఆకారం మిగిలింది. వాటిని కాగితంలో పొట్లం కట్టుకుని, పనికి సెలవు చెప్పి, విత్తనాల కొట్టుకి వెళ్ళింది.

ఆ కొట్టు బస్టాండు వెనక సందులో ఉంటుంది. గింజలాయనకి డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంటాడు. అడిగిందానికి తప్ప మాట్లాడడు, అడిగినా చాలాసార్లు మాట్లాడడు. ఆమె తీగ సంగతి, అమ్మ సంగతి, రంగులవాళ్ళ సంగతి అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన పొట్లం విప్పి, గింజని చెక్కముక్క మీద పెట్టి, బ్లేడుతో నిలువుగా కోసి, కళ్ళజోడు పైకి లాక్కుని చూశాడు. రెండోది కోశాడు. మూడోదీ, నాలుగోదీ కోశాడు.

"గింజలు మంచివేనమ్మా," అన్నాడు. "బాగా ముదిరినవి. ఇవి మురగక ముందే ఉడికాయి."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన బ్లేడు కొసతో చూపించాడు. పాతగింజైతే లోపల ఎండి ముడుచుకుంటుంది, లేతగింజైతే బోలుగా ఉంటుంది. ఇది గింజ నిండా ఉంది, కానీ ఉడికిన బంగాళాదుంపలా మెత్తబడి రంగు మారింది. ఎంత వేడి నీళ్ళలో వేశారని అడిగాడు. చెయ్యి ఓర్చుకునేంత అని ఆమె ధీమాగా చెప్పింది. ఆ మాటకి ఆయన తలూపాడు, మా ఇంట్లోనూ అలాగే అనేవారన్నాడు. మరి తప్పెక్కడ జరిగిందో చూద్దామని, టీ కోసం పెట్టుకున్న కెటిల్ అప్పుడే ఆగితే, స్టీలు గిన్నెలో కాసిని చన్నీళ్ళు పోసి, దానిలోకి మరిగే నీళ్ళు కలుపుతూ, ఓర్చుకునేంత అయినప్పుడు చెప్పమన్నాడు.

చిన్నది రెండు వేళ్ళు గిన్నెలో పెట్టింది. ఇంకా పొయ్యండి అంది. ఆయన పోశాడు. ఇంకా అంది. ఆయన ఒకసారి ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ పోశాడు. గిన్నెలోంచి పొగలు లేచి ఆయన కళ్ళజోడుకి మసకపట్టింది. ఆఁ, ఇదిగో, ఇప్పుడు సరిపోయింది అందామె. ఆయన కెటిల్ పక్కన పెట్టి, తన చిటికెన వేలు ఆ నీళ్ళకి అలా తాకించి, చటుక్కున నోట్లో పెట్టుకున్నాడు. ఆమె వేళ్ళు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి.

"మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడు.

ఆమె వేళ్ళు బయటికి తీసి చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్ళుగా అవి ఎప్పుడూ ఎర్రగానే ఉన్నాయి. తను ఎప్పుడు టీ ఇచ్చినా, నాలుక కాల్చావే రాక్షసీ అని అక్క అనడం, తను అదేదో వేళాకోళమనుకుని నవ్వడం గుర్తొచ్చింది. గ్లాసు పట్టుకునేటప్పుడు అక్క గుడ్డ ఎందుకు చుట్టుకుంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. పక్కనున్న సంచుల మీద కూలబడింది.

గింజలాయన మంచివాడు. ఉన్న నీలంపూల పొట్లాలన్నీ తీసి ముందు పోశాడు. ముదురు నీలం, లేత నీలం, ఊదా. ఎర్రగీత ఉన్నది లేదు. పాత పుస్తకాలు రెండు తిరగేశాడు, ఇంకో ఊళ్ళో ఉన్న స్నేహితుడికి ఫోను చేశాడు. అలాంటి పువ్వు గురించి ఎవరూ వినలేదు. పోనీ ఇవేవైనా తీసుకెళ్ళండి, పడుకున్న మనిషికి అంత తేడా తెలియకపోవచ్చన్నాడు. చిన్నదానికి ఒక్క నిమిషం ఆశ పుట్టింది. లేత నీలం పొట్లం చేతిలోకి తీసుకుంది కూడా. కానీ అక్క ఏ పువ్వునైనా ముందు చూసేది గొంతులోకి. ఆ గీత కోసమే ఆమె ఏటా తెల్లవారుజామున లేచేది. పొట్లం తిరిగి ఇచ్చేసి ఇంటికొచ్చింది.

రెండు రోజులు నోరు పెగల్లేదు. ఎలా చెప్పడం? చెప్పకపోతే ఏం? మొలవాల్సినవి ఎలాగూ మొలవవు. ఉన్న నాలుగు రోజులూ అక్కని ప్రశాంతంగా ఉండనివ్వొచ్చు కదా. కానీ అక్క ప్రశాంతంగా ఉంటే కదా. మొదటిరోజు అన్నం కంచం అలాగే వెనక్కి పంపింది. రెండోరోజు, ఆయాసం మధ్యలో ఆగి ఆగి, చెల్లెలి చెయ్యి పట్టుకుని చెప్పింది:

"చచ్చిన గింజలిచ్చి నీ చేత చాకిరీ చేయించానే. ఆశపెట్టి నిన్ను కూడా ఏడిపించాను. ఏమీ అనుకోకు."

చిన్నది అది భరించలేకపోయింది. చేసింది తను. మాట పడుతోంది అక్క. పైగా తననే క్షమాపణ అడుగుతోంది. ఇంత అన్యాయం తను ఎవరి విషయంలోనూ చూసి ఊరుకోదు, అక్క విషయంలో ఎలా ఊరుకుంటుంది? మంచం పక్కన కూర్చుని, గింజలాయన చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. గింజలు మంచివే. బాగా ముదిరినవే. నువ్వు సరిగ్గానే కోశావు, సరిగ్గానే దాచావు. నేను ఉడకబెట్టి చంపాను.

అక్క ఓపిగ్గా విని, చెల్లెలి తల నిమిరింది. "నా మనసు కుదుటపడాలని ఎన్ని కథలల్లుతావే," అంది.

ఎంత చెప్పినా నమ్మదు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదు, చూడు చెవులెలా ఎర్రబడ్డాయో అంటుంది. చివరికి చిన్నదానికి కోపం తన్నుకొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టింది. అదే గిన్నె తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టి, అవే చన్నీళ్ళు పోసి, మరిగే నీళ్ళు కలిపింది. చురుకు తగిలేదాకా పోసి, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచింది.

"ఇదీ నాకు చెయ్యి ఓర్చుకునేంత వేడి," అంది. "పెట్టి చూడు."

అక్క నవ్వబోతూ వేలు చాచింది. నీళ్ళకి తాకీ తాకకముందే వేలు వెనక్కి లాక్కుంది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. గిన్నెకేసి చూసింది. చెల్లెలి చేతికేసి చూసింది. చెల్లెలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో చీమ కుట్టినట్టు కూడా లేదు.

"తియ్యవే," అంది. "తియ్యి. తియ్యి."

చిన్నది చెయ్యి తీసింది. ఆమె మనసు తేలికపడింది. హమ్మయ్య, నమ్మింది. ఇక తిడుతుంది. దొబ్బులు తినడానికి ఆమె సిద్ధంగా ఉంది. అమ్మ ఇచ్చినదాన్ని నాశనం చేశావే అని, నేను చేస్తానంటే సీసా లాక్కున్నావు కదే అని, నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్టి, కంచం ముందుకు లాక్కుని నాలుగు ముద్దలు తినాలి. చిన్నది తలొంచుకుని ఎదురుచూసింది.

అక్క తిట్టలేదు. చెల్లెలి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, దుప్పటి అంచుతో తడి తుడిచింది. అరచెయ్యి తిప్పి చూసింది. అది ఎన్నో ఏళ్ళు పట్టుకున్న చెయ్యే, ఒక్కసారీ ఇలా తిప్పి చూసింది కాదు. వేలిముద్రల గీతలు ఎక్కడా లేవు. చర్మం పాత చెప్పు అడుగులా నున్నగా, మెరుస్తూ ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా అయిందే?"

ఏమో, గుర్తులేదంది చిన్నది. దాని సంగతి ఇప్పుడెందుకు, గింజల సంగతి మాట్లాడమంది. అక్క వినిపించుకోలేదు.

"బడి మానిపించి అక్కడ చేర్పించింది నేను," అంది. "ఒక్క ఏడాదే అన్నాను. మొదటివారం చేతులనిండా బొబ్బలతో ఏడుస్తూ వచ్చావు. ఓర్చుకో, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది అన్నాను."

"అలవాటైందిగా అక్కా," అంది చిన్నది.

ఓదార్పుగానే అంది. అన్నాక గానీ, తను ఏమన్నదో ఆమెకి తెలియలేదు. అక్క కళ్ళలోంచి నీళ్ళు జారి చెంపల మీద నుంచి మెడలోకి దిగాయి. గింజలు పోయినందుకు ఇన్ని రోజుల్లోనూ ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. గింజల బరువు దించబోయి, అంతకు పదింతలది అక్క గుండె మీద పెట్టానని చిన్నదానికి అప్పుడర్థమైంది. చెప్పకుండా ఉంటే బాగుండేది. చచ్చిన గింజలిచ్చానన్న బాధతోనే పోనిచ్చినా బాగుండేది. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

అక్క తన బొటనవేలి గోటితో చెల్లెలి చిటికెన వేలి కొసని నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు," అంది చిన్నది, నిజమే చెప్పాలి కాబట్టి.

అక్క ఉంగరం వేలికి వచ్చింది. "ఇక్కడ?"

"లేదక్కా."

"ఇక్కడ?"

ఆ గొంతు విని చిన్నది ఇక చూడలేకపోయింది. మొహం వరండా వైపు తిప్పుకుంది. ఖాళీ కటకటాల అవతల ఎదురింటివాళ్ళు ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. వాళ్ళకేసే చూస్తూ, ఎలాంటి జవాబు చెప్పాలో ఈసారి ముందే నిర్ణయించుకుంది.

"ఆఁ, తెలుస్తోంది," అంది. "బాగా తెలుస్తోంది."

అక్క అప్పటికింకా నొక్కలేదు.